పాత క్లస్టర్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ స్టాక్: ప్రాజెక్టు డైరీ

పని ఏంటంటే

మా క్లస్టర్ (ఒక్కటిగా పనిచేసేలా కలిపిన ఎన్నో కంప్యూటర్లు, ఒక్కోదాన్ని నోడ్ అంటాం) ఆపరేటింగ్ సిస్టమ్ మారుతోంది. సెంటోస్ 7కి మద్దతు 2024 జూన్ 30తో ఆగిపోయింది కాబట్టి అదే కుటుంబంలోని 9వ తరానికి వెళ్తున్నాం. యూజర్లకి ఇది కొన్నాళ్లు మెషీన్ అందుబాటులో ఉండకపోవడం, అంతే. సాఫ్ట్‌వేర్ చూసుకునే మాకు మాత్రం దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.17 నుంచి 2.34కి, సిస్టమ్ కంపైలర్ జీసీసీ 4.8 నుంచి 11కి ఒక్క దూకుడులో వెళ్లడం. పాత బైనరీలు కొత్త జీలిబ్‌సీ మీద చాలావరకు నడుస్తాయి, ఆ విషయంలో దాన్ని రాసేవాళ్లు జాగ్రత్తగానే ఉంటారు. కానీ చుట్టూ ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ), నోడ్‌ల మధ్య వేగంగా నడిచే నెట్‌వర్క్ ఇన్ఫినీబ్యాండ్ లైబ్రరీలు, జాబ్‌లని నోడ్‌లకి పంచే స్లర్మ్ అన్నీ మారిపోయాక "ఏదోలా నడుస్తోందిలే" అన్న భరోసా మీద ఎవరూ ఫలితాలు ప్రచురించలేరు. అందుకే సాఫ్ట్‌వేర్ చెట్టు (ఒకదాని మీద ఒకటి ఆధారపడే ప్రోగ్రాములు, లైబ్రరీలు) మొత్తం మళ్లీ కట్టాలని, అంటే సోర్స్ నుంచి కంపైల్ చేయాలని నిర్ణయించాం.

పాత చెట్టుని చేత్తో కట్టారు. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్, ఆ తర్వాత టీసీఎల్ భాషలో ఒక మాడ్యూల్ ఫైలు (యూజర్ "లోడ్" అనగానే ఆ సాఫ్ట్‌వేర్‌ని అందుబాటులోకి తెచ్చేది). ఎన్విరాన్‌మెంట్ మాడ్యూల్స్ అనే ఈ పద్ధతి 1991 నాటిది, ఇప్పటికీ ప్రతి క్లస్టర్‌లోనూ దాని వారసులే ఉన్నారు. మంచి పద్ధతే. అయితే మాడ్యూల్ చేసే పనల్లా పాత్ లాంటి వేరియబుళ్లని దిద్దడం. ఆ లైబ్రరీని ఏ కంపైలర్‌తో, ఏ ఫ్లాగులతో, ఏ ఎంపీఐ (ప్రాసెస్‌ల మధ్య సందేశాలు పంపే లైబ్రరీ) మీద కట్టారో దానికి తెలియదు. మా దగ్గర డేటా ఫైళ్ల లైబ్రరీ హెచ్‌డీఎఫ్5 ఒక్కదానికే పక్కపక్కనే ఎన్నో కాపీలున్నాయి. ఒకదాని పేరు చివర "కొత్తది" అని ఉంది, ఇంకోదానికి "ఇదే వాడండి" అని ఉంది. ఆ పేర్లు పెట్టినవాళ్లు ఇప్పుడు ఇక్కడ లేరు.

కట్టడానికి ముందు ఎవరు ఏం వాడుతున్నారో చూశాం. మాడ్యూల్ లోడ్ అయిన ప్రతిసారీ సిస్‌లాగ్‌కి ఒక లైను పంపేలా హుక్ పెట్టి కొంతకాలం వదిలేశాం. జాబితాలో ఉన్నవాటిలో చాలావాటిని ఎవరూ ముట్టుకోవడమే లేదు. ఈ ఒక్క లాగ్ మా పనిని బాగా తగ్గించింది. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు కంపైలర్ జోలికి వెళ్లకముందే ఈ హుక్ పెట్టుకోవాలి.

ఈజీబిల్డా, స్పాకా

చెట్టుని చేత్తో కాకుండా కట్టిపెట్టే పనిముట్లు ఈ రెండూ. ఈజీబిల్డ్ బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీలో 2009లో మొదలై 2012లో బయటికొచ్చింది. దాని బలం టూల్‌చెయిన్లు, అంటే కలిసి పనిచేసే కంపైలర్, లైబ్రరీల జట్లు. "ఫాస్ 2023ఏ" అన్నామంటే జీసీసీ 12.3, ఓపెన్‌ఎంపీఐ 4.1.5, గణిత లైబ్రరీలైన ఫ్లెక్సీబ్లాస్, ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ, స్కేలాప్యాక్ అన్నీ ఒక జట్టుగా వచ్చేస్తాయి. ఇలాంటి జట్లు ఏడాదికి రెండు. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి వెర్షన్లన్నీ బిగించి రాసిన ఈజీకాన్ఫిగ్ ఫైలు ఉంటుంది. ఎన్నో సైట్లలో కట్టి చూసిన కూర్పే మనకీ వస్తుంది, ఆశ్చర్యాలు తక్కువ.

స్పాక్ లారెన్స్ లివర్మోర్ ల్యాబ్‌లో టాడ్ గాంబ్లిన్ 2013లో మొదలుపెట్టింది. దాని తీరు వేరు. వెర్షన్, కంపైలర్, కావలసిన సదుపాయాలు, కింద ఉండాల్సిన డిపెండెన్సీ (అది ఆధారపడే ఇంకో ప్యాకేజీ) అన్నీ ఒకే వాక్యంలో అడగొచ్చు. "హెచ్‌డీఎఫ్5@1.14 +ఎంపీఐ +ఫోర్ట్రాన్ %జీసీసీ@13 ^ఓపెన్‌ఎంపీఐ" అని రాస్తే, చెప్పనివాటిని అది తనే నింపుకుంటుంది.

మా యూజర్లు అడిగేవన్నీ "అదే, కానీ కొంచెం వేరుగా" రకం. ఎంపీఐ లేని హెచ్‌డీఎఫ్5 ఒకరికి, 64 బిట్ ఇండెక్సులున్న సమీకరణాల లైబ్రరీ పెట్‌ఎస్‌సీ ఇంకొకరికి. ఈజీబిల్డ్‌లో ప్రతి మార్పుకీ ఒక కొత్త ఫైలు రాసుకోవాలి, స్పాక్‌లో ఒక గుర్తు చాలు. అందుకని స్పాక్ వైపు మొగ్గాం. ప్రామాణిక కూర్పులతో సరిపెట్టుకునే యూజర్లుండి, చూసుకునే మనుషులు తక్కువైతే నేను ఈజీబిల్డే ఎంచుకునేవాణ్ణి. స్పాక్ ఇచ్చే స్వేచ్ఛకి మనవైపు నుంచి క్రమశిక్షణ కావాలి. అది లేకపోతే పాత చెట్టు లాంటిదే ఇంకొకటి తయారవుతుంది, కాకపోతే ఈసారి డైరెక్టరీ పేర్లలో హ్యాష్‌లు (ఒక్కో బిల్డ్‌ని గుర్తించే కోడ్‌లు) ఉంటాయి.

గీత ఎక్కడ గీయాలి

ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ వాదన జరిగింది దీని మీదే. ఏది సిస్టమ్‌ది, ఏది మనం కట్టేది?

స్పాక్‌ని దాని మానాన వదిలేస్తే జీలిబ్‌సీ పైనున్న దాదాపు అన్నిటినీ కట్టుకుంటూ పోతుంది. క్లస్టర్‌లో అది కుదరదు. స్లర్మ్, ఎంపీఐ ప్రాసెస్‌లని మొదలుపెట్టడంలో సాయపడే పీఎంఐఎక్స్, ఇన్ఫినీబ్యాండ్ డ్రైవర్‌తో వచ్చే ఆర్‌డీఎంఏ లైబ్రరీలు, జీపీయూ డ్రైవర్ ఇవి నోడ్ మీద నడుస్తున్న డీమన్‌తోనో (వెనకాల నడిచే సేవ) కెర్నల్‌తోనో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) మాట్లాడాలి. మన సొంత కాపీ వెర్షన్ వాటితో కలవకపోతే ఎంపీఐ జాబ్ మొదలుకాదు. ఇంకా ఘోరం, మొదలై నెమ్మదిగా నడుస్తుంది. వీటిని స్పాక్ సెట్టింగుల ఫైలు ప్యాకేజెస్ డాట్ యామల్‌లో ఎక్స్‌టర్నల్స్‌గా (సిస్టమ్‌లో ముందే ఉన్నవిగా) రాసి, "ఇది కట్టొద్దు" అన్న షరతు కూడా తగిలించాం. ఆ షరతు లేకపోతే ఎక్స్‌టర్నల్ ఒక సూచన మాత్రమే. ఏదో ఒక ప్యాకేజీ కొంచెం కొత్త వెర్షన్ అడగ్గానే, ఏ వెర్షన్లు కలుస్తాయో తేల్చే స్పాక్ సాల్వర్ దాన్ని పక్కనపెట్టి సొంతంగా కట్టేస్తుంది.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని కూడా సిస్టమ్ వైపే ఉంచాం. దానికి భద్రతా ప్యాచ్ వస్తే ఒక్క అప్‌డేట్‌తో అయిపోవాలి గానీ, దాని మీద ఆధారపడ్డ చెట్టంతా తిరిగి కట్టుకుంటూ కూర్చోలేం.

మరి పెర్ల్, పైథాన్, ఎన్‌కర్సెస్, కర్ల్? సిస్టమ్‌లో దొరికినవన్నీ తనే వెతికి రాసుకునే ఆదేశం స్పాక్‌లో ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, బోలెడు బిల్డ్ సమయం మిగులుతుంది. తీరా చూస్తే యూజర్లు ప్రవేశించే లాగిన్ నోడ్‌లో హెడర్ ఫైళ్లు (కంపైల్ చేయడానికి కావలసినవి) ఉన్న ప్యాకేజీకి, లెక్కలు నడిచే కంప్యూట్ నోడ్ ఇమేజ్‌లో హెడర్లుండవు, కొన్నిసార్లు ఆ ప్యాకేజీయే ఉండదు. అందుకని మా నియమం ఒకటే: నోడ్ మీద నడుస్తున్న సేవతో మాట్లాడేది, లేదా భద్రతా ప్యాచ్‌లు తరచూ వచ్చేది సిస్టమ్‌ది. మిగతాదంతా మేమే కట్టుకుంటాం. పెర్ల్ కట్టడానికి పట్టే సమయం చూసి ఎవరైనా సణిగితే సణగనీ.

సాల్వర్‌తో సహవాసం

అడిగిన దాని నుంచి పూర్తి డిపెండెన్సీ చెట్టుని తేల్చడాన్ని స్పాక్‌లో కాంక్రిటైజేషన్ అంటారు. ఒకప్పుడిది ముందుకు మాత్రమే చూసే పద్ధతి, ఒక అడుగు వేశాక వెనక్కి తీసుకోలేకపోయేది. సమాధానం ఉన్నా దొరకలేదనేది. 2021లో వచ్చిన స్పాక్ 0.17 నుంచి క్లింగో అనే లాజిక్ సాల్వర్ డిఫాల్ట్ అయింది. ఇప్పుడు సమాధానం ఉంటే దొరుకుతుంది. అది మనం అనుకున్న సమాధానమే కావాలనేం లేదు.

స్పాక్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే కలిపి కట్టే ప్యాకేజీల జాబితాలో, ప్రతి ప్యాకేజీకీ ఒకే వెర్షన్ ఉండాలా, వీలైనంతవరకు ఒకటే ఉంటే చాలా అన్నది యూనిఫై అన్న సెట్టింగ్ తేలుస్తుంది. అంతా ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి కచ్చితంగా ఒకటే ఉండాలంటే, ఒక్క మొండి ప్యాకేజీ కోసం మిగతావన్నీ పాత వెర్షన్లకి దిగాల్సొస్తుంది. అందుకే మూడుగా విడగొట్టాం. కంపైలర్లు, బిల్డ్ పనిముట్లు ఒకటి. ఎంపీఐ, గణిత లైబ్రరీలు, వాటి మీద నడిచే కోడ్‌లు రెండోది. పైథాన్ మూడోది. మొదటిది ఏడాదికోసారి మారితే ఎక్కువ, మూడోది ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. వేగాలు వేరైనవాటిని ఒకే ఫైల్లో కట్టిపడేస్తే నెమ్మదిగా కదిలేదాన్ని కూడా అస్తమానం తిరిగి తేల్చుకోవాలి.

స్పాక్ డాట్ యామల్‌లో మనం అడిగింది ఉంటుంది, స్పాక్ డాట్ లాక్‌లో తేలింది ఉంటుంది. రెండూ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉన్నాయి. ఎవరైనా కొత్త ప్యాకేజీ అడిగితే యామల్‌కి ఒక లైను కలిపి, తిరిగి కాంక్రిటైజ్ చేసి, లాక్ ఫైల్లో ఏం కదిలిందో చూస్తాం. ఒక్కటి అడిగితే నలభై హ్యాష్‌లు మారాయంటే అక్కడ ఆగి ఎందుకో కనుక్కోవాలి. ఉన్నవాటినే మళ్లీ వాడుకునే రీయూజ్ ఆన్‌లో ఉంటే ఇది బాగా తగ్గుతుంది.

ఇంకో సంగతి. 2025 జూలైలో స్పాక్ 1.0 వచ్చింది. కంపైలర్లు కూడా మామూలు డిపెండెన్సీలయ్యాయి, ప్యాకేజీ రెసిపీలు (ఎలా కట్టాలో చెప్పే ఫైళ్లు) వేరే రిపాజిటరీకి వెళ్లాయి. రెసిపీల రిపాజిటరీని కూడా ఫలానా కమిట్ దగ్గర బిగించకపోతే మనం ఏమీ మార్చకుండానే రేపటి కాంక్రిటైజేషన్ వేరేగా రావచ్చు. పాత ట్యుటోరియల్స్‌లో ఈ మాట కనిపించదు.

నెట్ లేని నోడ్‌ల మీద బిల్డ్

లాగిన్ నోడ్ మీద ఎల్‌ఎల్‌వీఎం లాంటి భారీ కంపైలర్ కట్టడం మొదలుపెడితే అక్కడున్న వాళ్లందరి టెర్మినళ్లూ బిగుసుకుపోతాయి. బిల్డ్ కంప్యూట్ నోడ్‌లోనే జరగాలి. వాటికి బయటి నెట్ లేదు. కాబట్టి లాగిన్ నోడ్ నుంచి సోర్స్ ఫైళ్లని ముందే దింపి మిర్రర్ (మన దగ్గరే ఉండే కాపీ) కట్టుకున్నాం. క్లింగో కూడా బయటి నుంచి రావాల్సిందే కనుక స్పాక్ తనని తాను సిద్ధం చేసుకునే బూట్‌స్ట్రాప్‌కి విడిగా ఇంకో మిర్రర్ కావాలి.

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. ఒకే ఇన్‌స్టాల్ ఆదేశాన్ని స్లర్మ్ ద్వారా చాలా నోడ్‌ల మీద ఒకేసారి వదిలితే, ఫైల్ లాక్‌ల సాయంతో అవే పని పంచుకుంటాయి. దీనికి నోడ్‌లన్నీ పంచుకునే ఫైల్‌సిస్టమ్ లస్టర్‌ని ఎఫ్‌లాక్ ఆప్షన్‌తో మౌంట్ చేసి ఉండాలి. బిల్డ్ జరిగే చోటు మాత్రం లస్టర్ కాకూడదు, నోడ్‌లోని లోకల్ డిస్కే కావాలి. కాన్ఫిగర్ స్క్రిప్టులు సృష్టించి చెరిపేసే చిన్న ఫైళ్లకి లెక్కుండదు.

"అన్నా, నిన్న నడిచింది"

మధ్యలో ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చాడు. "అన్నా, అదే బైనరీ, అదే ఇన్‌పుట్. నిన్న నడిచింది, ఇవాళ ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటోంది. మీరేమైనా మార్చారా?"

మేమేం మార్చలేదు. లాగిన్ నోడ్‌లో ఏవీఎక్స్-512 అనే ఇన్‌స్ట్రక్షన్లున్న ప్రాసెసర్ ఉంది. అతను అక్కడ "మార్చ్ నేటివ్" ఫ్లాగుతో, అంటే ఆ ప్రాసెసర్‌కే తగ్గట్టు, కంపైల్ చేశాడు. నిన్న జాబ్ అలాంటి నోడ్‌కే వెళ్లింది. ఇవాళ స్లర్మ్ దాన్ని ఏఎండీ జెన్ 2 ప్రాసెసర్ ఉన్న నోడ్‌కి పంపింది, అందులో ఆ ఇన్‌స్ట్రక్షన్లు లేవు.

మా స్టాక్‌కీ ఇదే ప్రశ్న. స్పాక్ డిఫాల్ట్‌గా తను నడుస్తున్న ప్రాసెసర్‌ని ఆర్క్‌స్పెక్ ద్వారా గుర్తుపట్టి దానికి తగ్గట్టే కడుతుంది. రెండు రకాల నోడ్‌లున్న చోట టార్గెట్‌ని మనమే చెప్పాలి. అంతటికీ ఎక్స్86-64 వీ3 పెట్టాం. ఏవీఎక్స్2, ఎఫ్‌ఎంఏ దాకా వస్తాయి, మా నోడ్‌లన్నిట్లోనూ నడుస్తుంది. ఏవీఎక్స్-512 వదులుకుంటున్నామే అని ఒకరిద్దరు బాధపడ్డారు. కానీ ఓపెన్‌బ్లాస్ లాంటి లైబ్రరీ రన్ అయ్యేటప్పుడే ప్రాసెసర్‌ని చూసి తగిన కెర్నల్ ఎంచుకోగలదు, దాన్ని అలా కడితే చాలు. ఎక్కువ నోడ్-గంటలు తినే కొన్ని కోడ్‌లకి మాత్రం రెండు టార్గెట్లకీ విడివిడిగా కట్టాం. మిగతావాటికి ఆ శ్రమ దండగ.

ఆర్‌పాత్ లాభం

పాత చెట్టులో లైబ్రరీలన్నీ ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీల్ని ఎక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్) మీద బతికేవి. ఆ వేరియబుల్‌కి సరిహద్దుల్లేవు. ఒక కోడ్ కోసం పెట్టిన లైబ్రరీ పాత్ గిట్‌కీ ఎడిటర్‌కీ కూడా తగులుతుంది. మన కర్ల్ లైబ్రరీ మాడ్యూల్ లోడ్ చేశాక సిస్టమ్ గిట్ చచ్చిపోవడం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు.

స్పాక్ కంపైలర్‌కి ముందు తన రాపర్‌ని నిలబెట్టి, ప్రతి బైనరీలోనూ లైబ్రరీల పూర్తి దారుల్ని ఆర్‌పాత్‌గా రాసేస్తుంది. రన్‌పాత్ కాదు, ఆర్‌పాత్. తేడా పెద్దదే. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లైబ్రరీల్ని కలిపే లోడర్ ఆర్‌పాత్‌ని ఎల్‌డీ లైబ్రరీ పాత్ కంటే ముందు చూస్తుంది, రన్‌పాత్‌ని తర్వాత చూస్తుంది. అంటే యూజర్ తన షెల్ సెట్టింగుల ఫైలు బాష్ ఆర్‌సీలో ఎప్పుడో రాసి మర్చిపోయిన లైను మన బైనరీల్ని కదిలించలేదు. మాడ్యూల్ ఫైళ్లలోంచి ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ని పూర్తిగా తీసేశాం. యూజర్లు సొంతంగా కంపైల్ చేసుకునేటప్పుడు లింక్ ఫ్లాగుల్లో ఆర్‌పాత్ పెట్టుకోవడం నేర్పాల్సొచ్చింది. ఆ నేర్పడం ఇంకా సాగుతూనే ఉంది.

యూజర్‌కి కనిపించేది ఎల్‌మాడ్

ఇంత చేసినా యూజర్‌కి స్పాక్ కనపడకూడదు. వాళ్లకి మాడ్యూల్ లోడ్ చాలు. అమెరికాలోని టెక్సస్ సూపర్‌కంప్యూటింగ్ కేంద్రం టాక్‌లో రాబర్ట్ మెక్‌లే లువా భాషలో రాసిన మాడ్యూల్ వ్యవస్థ ఎల్‌మాడ్ పెట్టి, అంచెల పద్ధతిలో అమర్చాం. మొదట కంపైలర్లు మాత్రమే కనిపిస్తాయి. కంపైలర్ లోడ్ చేస్తే దాంతో కట్టిన ఎంపీఐలు, ఎంపీఐ లోడ్ చేస్తే దాని మీద కట్టిన లైబ్రరీలు. కంపైలర్ మార్చితే కిందివన్నీ తమంతట తామే మారతాయి, సరిజోడు లేనివి పక్కకి తప్పుకుంటాయి. పొసగని జంటని లోడ్ చేయడమే కుదరదు.

మొదట్లో "నా మాడ్యూల్ మాయమైంది" అన్న ఫిర్యాదులు తప్పవు. మాడ్యూల్ అవెయిల్ పైకి కనిపించేవాటినే చూపిస్తుంది, అన్ని అంచెల్లోనూ వెతకాలంటే మాడ్యూల్ స్పైడర్. లాగిన్ బ్యానర్‌లో ఈ ఒక్క వాక్యమే పెట్టాం, ఇంకేం రాయలేదు. రాస్తే ఎవరూ చదవరు.

మాడ్యూల్ పేర్లలోంచి హ్యాష్ తీసేశాం. ఎవరూ అడగకుండా డిపెండెన్సీగా వచ్చినవాటిని దాచేశాం. హ్యాష్ లేకపోతే రెండు బిల్డ్‌లకి ఒకే పేరు రావచ్చు. అప్పుడు స్పాక్ ఫైళ్లు రాయకుండా ఆగి పేర్లు ఢీకొన్నాయని చెబుతుంది. నాకది నచ్చింది, ఆ రెండో బిల్డ్ నిజంగా కావాలా అని మేం తేల్చుకునే చోటు అదే.

జాబ్ స్క్రిప్టు మొదటి లైన్లలో, లోడ్ అయినవన్నీ తీసేసే మాడ్యూల్ పర్జ్ ఉండాలని కూడా పట్టుబట్టాం. స్లర్మ్‌కి జాబ్ పంపే ఎస్‌బ్యాచ్ ఆదేశం డిఫాల్ట్‌గా లాగిన్ షెల్‌లోని వేరియబుళ్లన్నిటినీ జాబ్‌కి మోసుకెళ్తుంది. పర్జ్ లేని స్క్రిప్టు నా దగ్గర నడిచి నీ దగ్గర నడవదు.

పైథాన్

పైథాన్ ప్యాకేజీలు పెట్టుకునే కోండా కొత్తింటికి పొయ్యీ గిన్నెలతో సహా దిగే రకం. సొంత సీ++ లైబ్రరీ లిబ్‌ఎస్‌టీడీసీ++, సొంత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, వద్దన్నా సొంత ఎంపీఐ కూడా. లాప్‌టాప్‌లో అదే దాని గొప్పతనం. క్లస్టర్‌లో రెండు చోట్ల తగులుకుంటుంది.

ఒకటి ఎంపీఐ. కోండాలోంచి ఎంపీఐ4పై (ఎంపీఐకి పైథాన్ ప్యాకేజీ) పెట్టుకుని స్లర్మ్ ఆదేశం ఎస్‌రన్‌తో నడిపితే, ప్రతి ప్రాసెస్సూ తను ఒక్కదాన్నే అనుకుంటుంది, అన్నీ ర్యాంక్ (ప్రాసెస్ నంబరు) 0 అని ముద్రిస్తాయి. ఎర్రర్ రాదు. ఒకే లెక్కని అన్ని ప్రాసెస్‌లూ విడివిడిగా చేస్తాయి, కోర్-గంటలు కరిగిపోతాయి. కోండా-ఫోర్జ్‌లో బయటి ఎంపీఐని వాడుకోమని చెప్పే ఖాళీ ప్యాకేజీలున్నాయి, వాటితో ఇది తీరుతుంది. మేం మినీఫోర్జ్‌నే సిఫార్సు చేస్తున్నాం, అది మొదటి నుంచీ కోండా-ఫోర్జ్ ఛానెల్‌తోనే వస్తుంది.

రెండోది ఫైళ్లు. కాస్త పెద్ద ఎన్విరాన్‌మెంట్‌లో వేలకి వేలు, తేలిగ్గా లక్ష దాకా చిన్న ఫైళ్లుంటాయి. లస్టర్ పెద్ద ఫైళ్ల కోసం పుట్టింది. ప్రతి ఓపెన్, ప్రతి స్టాట్ (ఫైలు వివరాలు అడగడం) ఫైళ్ల వివరాలు దాచే మెటాడేటా సర్వర్ తలుపు తట్టాల్సిందే. పైథాన్ ఒక్క ఇంపోర్ట్ కోసం పాత్‌లోని డైరెక్టరీలన్నీ వెతుకుతుంది. దాన్ని వెయ్యి ర్యాంకులతో గుణిస్తే, ఆ జాబ్ మొదలయ్యే క్షణంలో ఇంకెక్కడో ఎవరో ఫైళ్ల జాబితా కోసం ఎల్‌ఎస్ కొట్టి తెల్లమొహం వేస్తారు. ఫిర్యాదు "స్టోరేజ్ నెమ్మదిగా ఉంది" అని వస్తుంది.

మందు స్క్వాష్‌ఎఫ్‌ఎస్. ఎన్విరాన్‌మెంట్ మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా చేసి మౌంట్ చేస్తే లస్టర్‌కి ఒక్క ఫైలే కనిపిస్తుంది, లోపలి వెతుకులాట అంతా నోడ్‌లోనే జరుగుతుంది. ఫిన్లాండ్ సూపర్‌కంప్యూటింగ్ కేంద్రం సీఎస్‌సీ వాళ్ల టిక్కీ సరిగ్గా ఈ పని చేస్తుంది: కోండా ఫైలు ఇస్తే కంటైనర్‌లో (కావలసినవన్నీ లోపలే ఉన్న మూట) చుట్టి, బయటికి మామూలు ఆదేశాల్లా చూపిస్తుంది. మా యూజర్లు ఫిర్యాదు చేయకుండా ఒప్పుకున్న మార్పు ఇదొక్కటే, ఎందుకంటే వాళ్ల ఇంపోర్ట్‌లు కళ్లెదుటే వేగమయ్యాయి.

కంటైనర్లు, క్లుప్తంగా

ఆప్‌టైనర్ పెట్టాం, 2021 చివర్లో లైనక్స్ ఫౌండేషన్‌లో చేరేదాకా దీని పేరు సింగులారిటీ. డీమన్ అక్కర్లేదు, యూజర్ తన హక్కులతోనే నడుపుకుంటాడు, ఇమేజ్ ఒక్క ఫైలు. ఒక నోడ్‌లో సరిపోయే పనికి ఇంతకంటే హాయి లేదు.

ఎక్కువ నోడ్‌ల ఎంపీఐ దగ్గర మాత్రం గీత గురించిన వాదన తిరిగొస్తుంది. బయటి లైబ్రరీల్ని లోపలికి బైండ్ చేస్తే వాటికి కావలసిన జీలిబ్‌సీ లోపల ఉండాలి. మా కొత్త సిస్టమ్‌లో 2.34, ఉబుంటు 20.04 ఇమేజ్‌లో 2.31. "జీలిబ్‌సీ 2.34 దొరకలేదు" అని ఆగిపోతుంది. ఎంపీఐ కుటుంబం కూడా కలవాలి. ఎంపిచ్, ఇంటెల్ ఎంపీఐ, ఎంవాపిచ్ ఒకదాని చోట ఒకటి నిలబడగలవు గానీ ఓపెన్‌ఎంపీఐ వాటితో కలవదు. 2025 జూన్‌లో ఖరారైన ఎంపీఐ 5.0లో ఉమ్మడి ఏబీఐ (కంపైల్ అయిన ప్రోగ్రామ్‌కీ లైబ్రరీకీ మధ్య ఒప్పందం) చేరింది. అమలులోకి వచ్చి యూజర్ల ఇమేజ్‌ల దాకా చేరేసరికి టైం పడుతుంది.

ఇంకో చిక్కు: ఆప్‌టైనర్ హోమ్ డైరెక్టరీని తనే లోపలికి తెస్తుంది. హోమ్‌లోని డాట్ లోకల్‌లో ఎప్పుడో పిప్‌తో పెట్టిన నంపై (పైథాన్ లెక్కల లైబ్రరీ) ఉంటే, కంటైనర్‌లోని పైథాన్ వెర్షన్ కూడా అదే అయితే, లోపలిది కాక బయటిది లోడ్ అవుతుంది. పైథాన్ నో యూజర్ సైట్ అన్న వేరియబుల్ పెట్టేస్తే పోతుంది.

పరీక్షలు, మిగిలినవి

స్విట్జర్లాండ్ సూపర్‌కంప్యూటింగ్ కేంద్రం సీఎస్‌సీఎస్ వాళ్ల రీఫ్రేమ్‌తో పరీక్షలు రాశాం. అన్నిటికంటే పనికొచ్చింది ఓహయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల లేటెన్సీ (సందేశం చేరడానికి పట్టే సమయం) పరీక్షే. ఇన్ఫినీబ్యాండ్ మీద చిన్న సందేశానికి ఒకటి రెండు మైక్రోసెకన్లు రావాలి. పదుల్లో వచ్చిందంటే ఎంపీఐ చడీచప్పుడు లేకుండా మామూలు నెట్‌వర్క్ పద్ధతి టీసీపీకి దిగిపోయిందన్నమాట. కొత్త బిల్డ్ ఏదైనా ఇది దాటితేనే మాడ్యూల్ బయటికొస్తుంది.

పక్కన, సైట్లు ఉమ్మడిగా వాడుకునే రెడీమేడ్ స్టాక్ ఈఈఎస్‌ఎస్‌ఐని కూడా మౌంట్ చేసి చూస్తున్నాం. సెర్న్ వాళ్ల సీవీఎంఎఫ్‌ఎస్ (నెట్ ద్వారా సాఫ్ట్‌వేర్ పంచే ఫైల్‌సిస్టమ్) మీద, జెంటూ ప్రిఫిక్స్ పొరతో, ఈజీబిల్డ్‌తో కట్టిన స్టాక్ అది. ప్రాసెసర్‌ని చూసి తగిన బిల్డ్ తనే ఎంచుకుంటుంది, అడిగిన ఫైళ్లే నెట్‌లోంచి వస్తాయి. కంప్యూట్ నోడ్‌లకి నెట్ లేదు కాబట్టి మధ్యలో ప్రాక్సీ క్యాష్ పెట్టాల్సొచ్చింది. సాధారణ లైబ్రరీల్ని దానికి వదిలేసి, మా ప్రత్యేక కోడ్‌లే మేం కట్టుకోవచ్చా అన్నది తేలాలి.

జీసీసీ 14తో పాత సీ కోడ్‌లు కొన్ని మొరాయిస్తున్నాయి. డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలవడం ఇదివరకు హెచ్చరికతో పోయేది, ఇప్పుడు ఎర్రర్. ఫోర్ట్రాన్‌లో జీసీసీ 10 నుంచే ఆర్గ్యుమెంట్ రకాల పట్టింపు మొదలైంది, దాన్ని ఒక ఫ్లాగుతో దాటేశాం. సీ కోడ్‌లకి అలా దాటెయ్యకుండా ప్యాచ్‌లు రాసి, రెసిపీల్లో చేర్చి, అసలు రచయితలకి పంపుతున్నాం. రెండు ప్రాజెక్టులు తీసుకున్నాయి. ఒకదాని రిపాజిటరీలో ఏళ్లుగా కదలికే లేదు, దాన్ని జీసీసీ 13 అంచెలోనే ఉంచేశాం.